ఋణచరిత్రయు గొలుసు చిట్టాయు

రైతునకు భూమి యెట్టి ఆస్తియో పరపతియు నట్టి ఆస్తియే. తీసికొన్న అప్పును గడువునకు దీర్చునను పేరు గలవానికి విత్తుల కాలమున పైకము పుట్టును. ఆ పేరు లేనివానికి పుట్టదు. పూర్వము ఈ పేరు ఊరివారి నోట నుండెను. 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము ననుసరించి గ్రామసంఘములు ఏర్పడినప్పుడు, సభ్యులు ఒకరినొకరు ఎరిగినవారగుటయే వాని బలముగా నెంచబడెను. నేడు ఆ పేరు యంత్రములలోని లెక్కలకు మారినది. కావున ఆ లెక్కలు ఎవరి చేత నున్నవి, ఎవరు చూచుచున్నారు, తప్పు పడినచో ఎవరు దిద్దుదురు అను ప్రశ్నలు ప్రతి సభ్యునకును సంబంధించినవే.

ఇప్పటి ఏర్పాటు ఇట్లున్నది. 2005వ సంవత్సరపు పరపతి సమాచార కంపెనీల చట్టము క్రింద సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు కంపెనీలు మన దేశమున పనిచేయుచున్నవి. బ్యాంకులును, సహకార బ్యాంకులును తమ ఖాతాదారుల అప్పుల వివరములను వీనికి పంపవలెను. 2025 జనవరి మొదలు పక్షమున కొకసారియైనను పంపవలెనని రిజర్వు బ్యాంకు విధించినది. ఇట్టి లెక్కలే అక్కరలేదనువారు 2010వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. నాడు ఒకే కుటుంబమునకు పలు సూక్ష్మఋణ సంస్థలు, ఒకదాని సంగతి మరియొకటి ఎరుగకయో, ఎరిగియు లక్ష్యపెట్టకయో, అప్పుమీద అప్పు ఇచ్చెను. వాయిదాలు కట్టలేక జనులు నలిగిపోయిరి. ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు చేయవలసివచ్చెను. కావున అప్పుల సమాచారము సంస్థలకు పరస్పరము తెలియుట రైతునకును మేలే.

అయితే సమాచారమంతయు నొకచోట కుప్పవోసినచో దొంగకు ఒక్క తలుపు చాలును. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ కంపెనీ యంత్రములలో దొంగలు ప్రవేశించి సుమారు 14 కోట్ల 70 లక్షలమంది వివరములను అపహరించిరి. పోయిన పైకమును మరల సంపాదింపవచ్చును గాని, పుట్టిన తేదీని ఎవరును మార్చుకొనజాలరు గదా! ఇట్టి అపాయములను జూచియే కొందరు బ్లాక్‌చెయిన్ అను పద్ధతిని సూచించుచున్నారు.

దీనిని గొలుసు చిట్టా యనవచ్చును. ఒకే చిట్టాకు పది సంస్థలు పది నకళ్లు ఉంచుకొన్నవనుకొందము. ప్రతి పుటను గణితముచే నొక చిన్న ముద్రగా కుదించి, ఆ ముద్రను తరువాతి పుట పైభాగమున వ్రాయుదురు. వెనుకటి పుటలో ఒక్క అంకెను దిద్దినను దాని ముద్ర మారిపోవును. తరువాతి పుటతో పొసగదు. తక్కిన తొమ్మిది నకళ్లును ఆ దొంగదిద్దుబాటును బయటపెట్టును. కావున ఏ ఒక్క కార్యదర్శియు, ఏ ఒక్క కంపెనీయు రహస్యముగా పద్దు మార్చజాలదు. ఇది నిజముగా గొప్ప గుణము.

కాని లేని గుణములను దానికి అంటగట్టరాదు. చిట్టా తనలో వ్రాసినదానిని కాపాడును గాని, వ్రాసినది సత్యమా యని విచారింపదు. ఒక రైతు వేరుసెనగ అమ్మి బాకీ తీర్చి రసీదు పొందెను. గుమాస్తా ఆ సొమ్ము జమ వేయుట మరచెను. ఆ తప్పు గొలుసున కెక్కినచో, సత్యమును కాపాడినంత పట్టుదలతోనే అది అసత్యమును కాపాడును. ఒకే ఊరిలో ఒకే పేరుగల యిద్దరి ఖాతాలు కలిసిపోయినను ఇంతే. అదిగాక, పది నకళ్లున్నచోట రహస్యమునకు పది తలుపు లుండును. వివరములనే నేరుగా ఆ చిట్టాలో వ్రాసినచో, దొంగతనమునకు మందు అని తెచ్చినది దొంగకే తోడ్పడును.

కావున మన సంఘములు ఇట్టి యేర్పాటునందు చేరుటకు ముందు మూడు షరతులు కోరవలెనని మా యభిప్రాయము.

మొదటిది: రైతు పేరు, ఫోను నంబరు, బాకీ మొత్తము గొలుసుపై వ్రాయరాదు. అవి అప్పిచ్చిన సంస్థయొద్దనే యుండవలెను. గొలుసుపై వాని ముద్రయు, ఎవరు ఎప్పుడు చూచిరను పద్దును మాత్రమే యుండవలెను. ఆ ముద్రయు రహస్యసంఖ్య నొకదానిని కలిపి వేయవలెను. ఏలయన, ఉత్త పది అంకెల ఫోను నంబరునకు ముద్ర వేసినచో, యంత్రము అన్ని నంబర్లకును ముద్రలు వేసి పోల్చి, స్వల్పకాలములోనే అసలు నంబరును కనుగొనగలదు.

రెండవది: రైతు సమ్మతి లేక క్రొత్త సంస్థ ఏదియు ఆ వివరములను చూడరాదు. సమ్మతి ఏ అప్పు కొరకో, ఎన్ని దినములకో తెలుగున స్పష్టముగా నుండవలెను. ఇచ్చిన సమ్మతిని మరల ఉపసంహరించుకొను హక్కును 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము గుర్తించినది.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. గొలుసులో పాత పద్దును చెరపుట కుదరదు. కావున సవరణ పద్దు వ్రాయుటకు మార్గముండవలెను. పాత పద్దును చూచు ప్రతి సంస్థకును సవరణ కూడ దానితోనే కనబడవలెను. ఫిర్యాదు 30 దినములలో పరిష్కారము కానిచో, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహార మియ్యవలెనని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. "యంత్రములో నట్లే యున్నది, మేమేమి చేయుదుము?" అను మాటతో ఎవరును ఈ బాధ్యత తప్పించుకొనకూడదు. తప్పు వ్రాసినవారే దిద్దవలెను.

63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరు కెక్కించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లోనే నిశ్చయించినది. కావున ఇది దూరపు సంగతి కాదు. పాత పుస్తకములలోని తప్పులు క్రొత్త యంత్రములకు ప్రాకకముందే వానిని సరిచూచుకొనుట మన పని. నాలుగు కంపెనీలలో ప్రతిదానినుండియు ఏడాదికొకసారి మన పూర్తి ఋణచరిత్రను ఉచితముగా పొందు హక్కు మనకున్నది. సభ్యులు దానిని తెప్పించుకొని తమ రసీదులతో పోల్చుకొందురుగాక. చదువురాని సభ్యునకు సంఘ కార్యదర్శి చదివి వినిపించుట ధర్మము. రాబోవు మహాజనసభలో పై మూడు షరతులను తీర్మానముగా ప్రతిపాదించి జిల్లా బ్యాంకునకు పంపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.