తుపాకీ అరుగుదల కాగితాల్లో కనబడదు

మా నాయన పేరున ఉన్న మందు తుపాకీ ఇప్పుడు నా పేరు మీద ఉంది. పలమనేరు దగ్గర కౌండిన్య అడవి అంచున మా శెనక్కాయ చేను. ఏనుగుల కోసం 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చారు. పందులకు మాత్రం మాకింకా చప్పుడే దిక్కు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలాకు ఈ రకం తుపాకీని ఒప్పుకుంటుంది.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే దాన్ని స్టేషన్‌లో అప్పగించాను. తొందరలో వేడినీళ్లతో కడగలేదు. కాలిన మందు కొంత మసిగా గొట్టంలోనే మిగులుతుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. జూన్ 4న కౌంటింగ్ అయ్యాక తెచ్చుకుని గొట్టంలోకి గుడ్డ దూరిస్తే ఇటుకపొడిలా తుప్పు వచ్చింది.

తుప్పు కంటికి కనబడుతుంది. నన్ను భయపెట్టింది వేరే. మందు దట్టించే కడ్డీ మీద, గొట్టం ఖాళీగా ఉంటే ఎంత దిగాలో నాయన గీత గీసిపెట్టాడు. అక్కడిదాకా దిగింది, మందును అంటించే క్యాప్ కూడా లేదు. సుత్తిని సగం లేపి, బొటనవేలు అడ్డం ఉంచి ట్రిగ్గర్ నొక్కాను. అక్కడ అది కదలకూడదు. జారి వేలి మీద పడింది. ఇన్నాళ్లూ ఆ సగం మెట్టునే నమ్మి, క్యాప్ పెట్టిన తుపాకీని భుజాన వేసుకుని చీకట్లో గట్ల మీద తిరిగాను.

రిపేరు చేసే ఆయన విప్పి చూపించాడు. సుత్తిని ఆపే గాడి అంచు గుండ్రంగా అరిగిపోయింది. పైనున్న గట్టి పొర పోతే లోపలి మెత్తని ఇనుము ఎంతోకాలం నిలవదట. క్యాప్ తొడిగే ముక్కు రంధ్రం కూడా కాలి పెద్దదైంది. దాంట్లోంచి ఆవిరి వెనక్కి తన్ని సుత్తిని లేపుతుంది, క్యాప్ ముక్కలు ఎగిరేది కంటివైపే. చప్పుడు బాగానే వస్తోంది కదా అని నేను ధీమాగా ఉన్నాను.

2019 సవరణతో లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లయింది. రైతుకు తిరుగుడు తగ్గింది, సంతోషమే. కానీ నా రెన్యువల్ అప్పుడు నంబరు చూశారు, కాగితాలు చూశారు, సుత్తి లేపి చూసినవాళ్లు లేరు. లైసెన్సున్న రిపేరుదారును ఏడాదికి ఒక రోజు మండల కేంద్రానికి పిలిపించండి. గాడి, ముక్కు, గొట్టం చూసి సంతకం పెట్టమనండి. ఆ ఖర్చు మేమే పెట్టుకుంటాం. శెనక్కాయ ఊడలు దిగేలోపు ఆ పని జరిగితే చాలు.