గోడలో రాగి తీగ మనదే, దాన్ని వేస్ట్ అననివ్వకండి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, తీరిగ్గా చదవండి.

బాణసవాడి, రామమూర్తినగర, విజయనగర వైపు మనవాళ్ళు పాతికేళ్ళ కిందట ఇళ్ళు కట్టుకున్నప్పుడు దొంగల అలారం కూడా పెట్టించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మెట్ల కింద ఇనుప పెట్టె, వాకిలి పక్కన అంకెల కీప్యాడ్, తలుపు ఫ్రేముల్లో అయస్కాంతం స్విచ్చులు, హాల్లో మూలగా ఎర్ర చుక్క వెలిగే మోషన్ సెన్సర్. ఇప్పుడా పెట్టెలు ఒక్కొక్కటే మూగబోతున్నాయి. బోర్డు పోతే స్పేర్ దొరకదు. పెట్టె బాగానే ఉన్నా అది ఫోన్ చేయాల్సిన ల్యాండ్‌లైన్ మనం ఎప్పుడో సరెండర్ చేసేశాం. పిల్లలు చూస్తే అమెరికాలో. మనవల కోసం ఆరు నెలలు తాళం వేసి వెళ్ళేవాళ్ళం, లేదంటే పెద్ద ఇంట్లో ఇద్దరమే పడుకునేవాళ్ళం. అలారం మనకి సోకు కాదు.

ఇలాంటప్పుడు ఇంటికొచ్చే కంపెనీ అబ్బాయి చెప్పేది ఒకటే మాట: "అంకుల్, పాత వైరింగ్ అంతా వేస్ట్. మొత్తం వైర్‌లెస్ వేసుకోండి." మా ఇంటికి వచ్చినతనూ అదే అన్నాడు. తీగలు కొలిచి చూశావా బాబూ అని అడిగితే అతని సంచిలో మీటరే లేదు. కొటేషన్ పుస్తకం మాత్రం ఉంది.

మా అభిప్రాయం ఏమిటంటే, పెట్టె మార్చండి, తీగ ఉంచుకోండి. గోడలో పైపులో పడి ఉన్న రాగికి ఏ కంపెనీదో తెలియదు. ముసలివయ్యేది బోర్డు, బ్యాటరీ, కొంతవరకు మోషన్ సెన్సర్. సెన్సర్ పోయినా అవే నాలుగు తీగలకి కొత్తది తగిలించవచ్చు, రెండు 12 వోల్టుల కరెంటుకి, రెండు కబురుకి. వైర్‌లెస్ వేస్తే తొమ్మిది సెన్సర్లకి తొమ్మిది బ్యాటరీలు. రెండు మూడేళ్ళకొకసారి వాటిని మార్చడానికి ఈ వయసులో నిచ్చెన ఎక్కేది ఎవరు?

ఈ తీగల పద్ధతి రైల్వేవాళ్ళకి కొత్తది కాదు. మేము సిగ్నల్ డిపార్ట్‌మెంట్ కాదు, గుమాస్తాలం, కానీ వాళ్ళ ఫైళ్ళు మా బల్ల మీదుగానే వెళ్ళేవి. ట్రాక్ సర్క్యూట్ అని ఒకటి ఉంది, అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో పేటెంట్ తీసుకున్నాడు. పట్టాల్లో చిన్న కరెంటు ఎప్పుడూ తిరుగుతూ ఒక రిలేని పైకి పట్టి ఉంచుతుంది. రైలు వస్తే చక్రాలు, ఇరుసు ఆ కరెంటుని అడ్డదారి పట్టిస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ చచ్చినా ఎరుపే. మీ తలుపు స్విచ్చూ ఇదే జాతి. తలుపు మూసి ఉన్నంతసేపు కరెంటు తిరుగుతుంది. తలుపు తెరిచినా, తీగ తెగినా పెట్టెకి తెలుస్తుంది.

అయితే దొంగ తీగ కొయ్యకుండా రెండు తీగల్నీ మధ్యలో కలిపేస్తే? దానికోసమే లైను చివర, అంటే స్విచ్ దగ్గర, ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. (మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. రెసిస్టెన్స్ అంటే మాకు 'మిన్‌తడై'. తమిళ పేపర్లో ఆ మాటకి పవర్ కట్ అని కూడా అర్థం. మాస్టారు మిన్‌తడై పాఠం అంటే లైట్లు పోతాయేమో అనుకునేవాళ్ళం.) పెట్టె ఆ రెసిస్టర్ విలువనే చూస్తూ ఉంటుంది. విలువ సరిగ్గా ఉంటే ఇల్లు క్షేమం, అనంతమైతే తలుపు తెరిచారు లేదా తీగ తెగింది, సున్నా అయితే ఎవరో కలిపేశారు. కానీ పని తొందరలో చాలామంది ఈ రెసిస్టర్‌ని చివర పెట్టకుండా పెట్టెలోనే బిగించేస్తారు. అప్పుడు దారిలో తీగలు కలిపేసినా పెట్టెకి రెసిస్టర్ కనబడుతూనే ఉంటుంది, తలుపు తెరిచినా నోరెత్తదు. మీ పాత పెట్టె మూత తీసినప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

చూడడం కష్టమేం కాదు. మెయిన్ కరెంటు, బ్యాటరీ రెండూ తీయించి, ఒక్కో జోడు తీగని విప్పి ఓం మీటరు పెట్టమనండి. రెసిస్టర్ లేని లైనైతే తలుపు మూసినప్పుడు కొన్ని ఓంలే చూపాలి, ఇంట్లో దూరాలకి పది లోపు. రెసిస్టర్ ఉంటే దాని విలువ కూడా కలుస్తుంది. తలుపు తీస్తే అనంతం. మూసి ఉండగా అంకె ఊగిసలాడితే జాయింటు తుప్పు పట్టినట్టు, ఆ లైను ఒక్కటి బాగు చేయించాలి. తర్వాత కొత్త ప్యానెల్ ఏ విలువ అడుగుతుందో కనుక్కోండి. డీఎస్‌సీ వాళ్ళవి సాధారణంగా 5,600 ఓంలు, హనీవెల్ విస్టావి 2,000. కొన్ని ప్యానెళ్ళలో సెట్టింగుతో సరిపోతుంది, లేకపోతే రెసిస్టర్లు మార్చాలి. ఎస్పీ రోడ్డులో అవి చిల్లర డబ్బులకి దొరుకుతాయి. ఇంత చిన్న వస్తువు కోసం ఇల్లంతా వైరింగ్ వేస్ట్ అంటే ఎలా ఒప్పుకుంటాం?

తీగలు విప్పేముందు ప్రతిదానికీ చీటీ కట్టించి ఫోటో తీయండి. ఇది చాదస్తం అనుకోవద్దు. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనగా బజార్‌లో 290 మందికి పైగా పోయారు. ఆ ప్రమాదంలో చిక్కుకున్న రైళ్ళలో ఒకటి మన బెంగళూరు విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి హౌరా వెళ్తున్నది. 94వ నంబరు గేటుకి బారియర్ మార్చే పనిలోనూ, అంతకుముందు అక్కడే జరిగిన సర్క్యూట్ మార్పులోనూ లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. పెట్టెలో తీగల పేర్లు తప్పుగా ఉండిపోయాయి. అంత ఘోరాన్ని ఇంటి అలారంతో పోల్చడం మా ఉద్దేశం కాదు. పాత తీగకి కొత్త సామాను తగిలించేవాడు పాటించాల్సిన క్రమం మాత్రం రెండు చోట్లా ఒకటే. బిగించాక సైన్యంలో హాజరు పిలిచినట్టు ప్రతి తలుపూ, ప్రతి కిటికీ తెరిచి కీప్యాడ్‌లో సరైన పేరు వచ్చిందో లేదో మీరే నిలబడి చూడండి. వంటింటి తలుపు తెరిస్తే బాల్కనీ అని చూపితే డబ్బు ఇవ్వకండి.

వైర్‌లెస్ ఎప్పుడూ వద్దని అనడం లేదు. అద్దె ఫ్లాటయితే అదే మంచిది. ఎలుకలు కొరికేసిన తీగలున్నా, 230 వోల్టుల కరెంటు తీగలతో ఒకే పైపులో అలారం తీగ లాగి ఉన్నా దాన్ని వదిలేయాల్సిందే, రెండోది ప్రమాదం కూడా. ఒకటి రెండు లైన్లు మాత్రమే పోతే వాటికి వైర్‌లెస్, మిగతావాటికి పాత తీగ, రెండూ తీసుకునే ప్యానెళ్ళు ఉన్నాయి.

కబురు మన ఫోన్‌కి ఎలా వస్తుందో కూడా అడగండి. వైఫై ఒక్కటే అంటే కరెంటు పోయినప్పుడు రూటరు చచ్చిపోతుంది, బెస్కాం సంగతి మీకు చెప్పాలా. సిమ్ కూడా ఉండాలి. లోపలి మోడెమ్ 2జీది అయితే జియో సిమ్ పని చేయదు, వాళ్ళకి 2జీ లేదు. కాల్, ఎస్సెమ్మెస్‌తోనే నడిచే ప్యానెల్‌కి డేటా ప్యాక్ దండగ. మాటలకి, ఎస్సెమ్మెస్‌లకి మాత్రమే విడిగా ప్యాక్ ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, దాన్ని అడిగి తీసుకోండి. రీఛార్జి తేదీ క్యాలెండర్లో రాసుకోండి.

ఇంకొక సంగతి ఉంది, అన్నిటికంటే దీనికే ఎక్కువ గొడవ పడాలి. ప్యానెల్‌కి వాడే కోడ్ ఒకటి, ఇన్‌స్టాలర్ కోడ్ ఇంకొకటి. రెండోది మీకు ఇవ్వరు. అది లేకపోతే సెట్టింగు మార్చాలన్నా, ఇంకొకరిని పిలవాలన్నా వీలుండదు, పదేళ్ళ తర్వాత వచ్చే అబ్బాయి కూడా అంతా వేస్టే అంటాడు. ఆ కోడ్, ఏ తీగ ఏ తలుపుదో రాసిన పట్టిక, రెసిస్టర్ విలువ, ఈ మూడూ కాగితం మీద ఇస్తేనే ఆఖరి వాయిదా చెల్లిస్తామని ఆర్డరులోనే రాయించండి. పట్టిక ఒక కాపీ పెట్టె మూత లోపల అంటించండి, ఇంకొకటి పిల్లలకి పంపండి.

వచ్చే నెల సమావేశానికి మేము మల్టీమీటరు తీసుకొస్తాం. పాత పెట్టె ఉన్నవాళ్ళు మూత తీసి లోపలి ఫోటో తెచ్చుకోండి, రెసిస్టర్లు ఎక్కడ ఉన్నాయో కలిసి చూద్దాం. కోడ్ నంబర్లు మాత్రం గ్రూపులో పెట్టకండి.