బరువు ఎక్కడ దిగుతోందో చూశారా?

మీ ఫైనలియర్ ప్రాజెక్టు పేరేంటి? ఈ ప్రశ్న అడిగితే ఈమధ్య నాకు వినిపించే జవాబులు నాలుగైదే. ముఖం చూసి హాజరు వేసే సాఫ్ట్‌వేర్, ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్, చెత్తబుట్ట నిండితే మెసేజ్ పంపే సెన్సర్. పేర్లు మారతాయంతే, లోపల సరుకు అదే. మిమ్మల్ని వేలెత్తి చూపే హక్కు నాకు లేదు లెండి. మెకానికల్ చదివిన రోజుల్లో మేం నలుగురం తలా ఇంత వేసుకుని ప్రాజెక్టు సెంటర్లో ఒకటి కొనుక్కొచ్చిన బాపతే. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ 'ఈ స్ప్రింగ్ ఇక్కడే ఎందుకు పెట్టారు?' అని అడిగారు. నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అయినా మార్కులొచ్చాయి. కానీ తర్వాత రెండు ఇంటర్వ్యూల్లోనూ అదే 'ఎందుకు' ఎదురైంది. అక్కడ మార్కులు వేసేవాళ్లు లేరు.

ఆ 'ఎందుకు'కి జవాబు దొరికే చోటు నాకు ఇంటి పక్కనే ఉంది. తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

మాది కడియం. రాజమండ్రి నుంచి హైవే మీద వస్తుంటే రెండు పక్కలా మొక్కలు మొదలవుతాయి చూడండి, అదే. కడియపులంక, బుర్రిలంక, వీరవరం... ఎటు చూసినా నర్సరీలే. సెలవుల్లో వచ్చి ఫొటోలు దిగి వెళ్లేవాళ్లకు పూలు కనిపిస్తాయి. పొద్దున్నే ఆరింటికి వస్తే మనుషులు కనిపిస్తారు. మట్టి నింపిన నల్ల కవర్లు భుజాన వేసుకుని లారీ దాకా నడిచేవాళ్లు, మొక్కల ట్రేలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు, వీపున మందు కొట్టే డబ్బా తగిలించుకుని వరసల మధ్య తిరిగేవాళ్లు. తోపుడుబండి పెట్టుకోవచ్చు కదా అంటారేమో. వరసల మధ్య దారి అడుగు వెడల్పు ఉంటే గొప్ప, అదీ రోజూ నీళ్లు పెట్టడంతో బురద. చక్రం దిగబడుతుంది. అక్కడ మనిషే బండి.

ఆ డబ్బా సంగతే చూద్దాం. మామూలుగా వాడే స్ప్రేయర్‌లో 16 లీటర్లు పడతాయి. అంటే నీళ్లే 16 కేజీలు. ట్యాంకు, పంపు, బ్యాటరీ కలిపితే 20 దాటిపోతుంది. మోసే మనిషి 60 కేజీలుంటే తన బరువులో మూడో వంతు. ఒకటి నుంచి పదో తరగతి దాకా పిల్లల బ్యాగు వాళ్ల ఒంటి బరువులో 10 శాతం మించకూడదని కేంద్రం 2020లో స్కూల్ బ్యాగ్ విధానం తెచ్చింది, మంచిదే. డబ్బా మోసే మనిషి దగ్గరికొచ్చేసరికి రెండు వేళ్ల వెడల్పు నైలాన్ పట్టీలు రెండు ఇచ్చి ఊరుకున్నాం. ఆ పట్టీ దిగేచోట భుజం మీద కండరం, దాని కిందుగా చేతికి వెళ్లే నరాలు ఉంటాయి. ఎక్కువసేపు నొక్కితే చేయి తిమ్మిరెక్కుతుంది. సైనికుల్లో, ట్రెక్కింగ్ చేసేవాళ్లలో ఇలా చేయి బలహీనపడటాన్ని వైద్యులు ఎప్పుడో గుర్తించారు, దానికి 'రక్‌శాక్ పాల్సీ' అని పేరు కూడా పెట్టారు.

మరి బరువు ఎక్కడ దిగాలి? దీనికి జవాబు మీ అమ్మమ్మకి తెలుసు. నీళ్ల బిందె ఎక్కడ పెట్టుకునేది? చంటిపిల్లాణ్ని ఎక్కడ ఎత్తుకునేది? తుంటి మీద. నడుం కింద రెండు పక్కలా చేతికి గట్టిగా తగిలే ఎముక అంచు ఉంటుంది. దాని మీద పడిన బరువు వెన్నుపూసల మీద కూర్చోకుండా తిన్నగా కాళ్లలోకి దిగుతుంది.

బ్యాగుల వాళ్లు ఇదే సంగతి చాలా ఆలస్యంగా పట్టుకున్నారు. నార్వేలో ఓలే బెర్గాన్ అనే ఆయన 1909లో వీపు వంపుకి తగ్గ ఫ్రేము ఉన్న సంచికి పేటెంటు తీసుకున్నాడు. బరువు తుంటికి దించడం బాగా వ్యాపించింది మాత్రం అమెరికాలో డిక్ కెల్టీ నుంచి. 1952లో కాలిఫోర్నియాలో ఇంటి దగ్గరే మొదలుపెట్టి అల్యూమినియం ఫ్రేముల సంచులు కుట్టి అమ్మాడు. కొండల్లో నడుస్తూ ఫ్రేము కింది కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుంటే భుజాలు తేలికపడ్డాయట, నడుం బెల్టు ఆలోచన అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఫ్రేము. బెల్టు ఒక్కటే ఉంటే ఏమీ కాదు. మెత్తటి సంచికి ఎంత లావు బెల్టు కట్టినా సంచి కుంగి బరువు మళ్లీ భుజానికే వస్తుంది. పైనున్న బరువు కింది బెల్టుకి చేరాలంటే మధ్యలో వంగని కడ్డీ ఒకటి ఉండాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి 'ఎర్గోనామిక్' అని రాసి అమ్మే బ్యాగులకి సన్నటి నడుం పట్టీ ఉంటుంది కదా, అది బ్యాగు ఊగకుండా ఆపడానికి పనికొస్తుంది, బరువు మోయడానికి కాదు.

నాకిది తెలిసిన తీరు కొంచెం సిగ్గుపడేదే. ఫోన్ల గురించి, గ్యాడ్జెట్ల గురించి బ్లాగు రాసుకునే నాకు రెండేళ్ల కిందట స్నేహితుడొకడు ఖరీదైన ట్రెక్కింగ్ బ్యాగు ఇచ్చి దాని మీద రాయమన్నాడు. ఇసుక నింపి ఊళ్లో తిరిగి చూద్దామని వేసుకుని బాబాయ్ నర్సరీకి వెళ్లాను. బాబాయ్ డబ్బా దించి, నా వీపు కేసి చూసి, 'ఏరా, ఉత్తినే తిరగడానికి నీకంత బెల్టు, పనిచేసేవాడికి ఈ తాళ్లా?' అన్నాడు. బ్లాగులో ఆ వారం ఏమీ రాయలేకపోయాను.

మర్నాడే మొదలుపెట్టా. రాజమండ్రిలో అల్యూమినియం కిటికీలు చేసేవాళ్ల దగ్గర పైపు ముక్కలు, పాత కారు సీటు బెల్టు, చెప్పులు కుట్టే ఆయన సాయం. డబ్బాకి ఫ్రేము, ఫ్రేముకి నడుం బెల్టు. సామాను తూచే చిన్న డిజిటల్ కాటా భుజం పట్టీకి తగిలించి, బెల్టు పెట్టుకోకముందు, పెట్టుకున్నాక పట్టీ మీద ఎంత బలం పడుతోందో చూశాను. చదివిన బ్యాగుల ప్రకటనల్లో 80 శాతం తుంటికి వెళ్తుందన్నారు కాబట్టి అంకె బాగా పడిపోతుందనుకున్నా. మూడో వంతు తగ్గితే గొప్పన్నట్టుంది. తర్వాత చదివితే తెలిసింది. అమెరికా సైన్యం కోసం పనిచేసే పరిశోధకులు ఫ్రేములోనే సెన్సర్లు పెట్టి కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. నడిచేటప్పుడు కిందికి పడే బరువులో నడుం భాగం మోసింది 30 శాతం దగ్గరే. అన్ని బ్యాగులకీ అదే అంకె అనలేం గానీ, ప్రకటనలో ఉన్న శాతాన్ని రిపోర్టులో ఎత్తి రాసేముందు ఒక కాటా కొనుక్కోండి.

ఇంకో లెక్క కూడా ఉంది, ఫస్టియర్ ఇంజినీరింగ్ మెకానిక్స్‌దే. 20 కేజీల బరువు కేంద్రం వీపుకి 20 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. బెల్టుకి 40 సెంటీమీటర్ల పైన భుజం పట్టీలున్నాయి. నిటారుగా నిలబడ్డ మనిషిని ఆ బరువు వెనక్కి పడదోస్తుంటే పట్టీలు ఆపాలి. 20ని 20తో హెచ్చించి 40తో భాగిస్తే 10. కిందికి నొక్కే బరువంతా తుంటి మీదికి దించేసినా భుజాల్ని వెనక్కి లాగే బలం పది కేజీలంత మిగిలే ఉంటుంది. డబ్బాని పల్చగా చేసి వీపుకి దగ్గరగా, 10 సెంటీమీటర్లకి తెస్తే అది ఐదుకి పడిపోతుంది. మోసేవాళ్లు ముందుకి వంగి నడవడం ఈ లెక్కని ఒంటితో సరిచేసుకోవడమే. మన స్ప్రేయర్లు గుండ్రంగా, వీపు వెనక్కి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి చూడండి. బెల్టు కన్నా ముందు మార్చాల్సింది ఆ ఆకారం అని నాకిప్పుడు అనిపిస్తోంది.

నా మొదటి బెల్టుని బాబాయ్ దగ్గర పనిచేసే పెద్దాయన పావుగంట కట్టుకుని విప్పేశారు. లుంగీ ముడి మీద బకిల్ వచ్చి గుచ్చుకుంటోంది, బెల్టు జారి పొట్ట మీదికి వస్తోంది. చీర కట్టుకున్నవాళ్లకైతే కుచ్చిళ్లు దోపే చోటే బకిల్. ప్యాంటు వేసుకునేవాడు గీసిన డిజైన్ అది. బకిల్‌ని పక్కకి జరిపాను. రెండో బెల్టులో మెత్తగా ఉండాలని స్పాంజి పెట్టాను. అది ఇంకా పెద్ద తప్పు. డబ్బా మూత దగ్గర కారిన మందుని స్పాంజి పీల్చుకుని నడుం చుట్టూ చర్మానికి అంటించి పెడుతుంది. నొప్పి తగ్గించబోయి విషం కట్టాను. పెద్దాయన తిట్టలేదు, 'బాబూ, ఇది ఉతికితే ఎండడానికి రెండ్రోజులు పడుతుందండీ' అన్నారంతే. మూడోదానికి హవాయి చెప్పుల్లో వాడే లాంటి, నీళ్లు పీల్చని రబ్బరు షీటు వేశాను. మందు మీద పడితే ఒక్క లాగుతో ఊడిపోయే బకిల్ పెట్టాను.

ఇదంతా అయ్యాక పెద్దాయన్నే అడిగాను, అసలు ఎక్కడ ఎక్కువ నొప్పి అని. నడిచేటప్పుడు కాదట. నిండిన డబ్బాని నేల మీద నుంచి వీపు మీదికి ఎక్కించుకునేటప్పుడట. కింద కూర్చుని, పట్టీల్లో చేతులు దూర్చి, మెలికపడి లేవాలి. రోజుకి ఎన్ని డబ్బాలైతే అన్నిసార్లు. నీళ్ల తొట్టి పక్కన నడుమెత్తు గట్టు ఒకటి కట్టించాం. డబ్బా గట్టు మీదే నింపి, వెనక్కి తిరిగి తగిలించుకుని నడవడమే. ఇటుకలు, కాస్త సిమెంటు. నా మూడు బెల్టులకీ కలిపి వచ్చినంత పేరు ఆ గట్టుకి ఒక్కపూటలో వచ్చింది, ఆయ్!

కాబట్టి ఇప్పుడు నా ఫిర్యాదు కాలేజీల మీదా, మీ మీదా సగం సగం. యాప్ చేయొద్దని కాదు. అయితే, మనిషి దగ్గర నిలబడి చూడకుండా టైటిల్ పెట్టేయకండి. శారాజీపేటలో చింతకింది మల్లేశం ఏం చేశారో మీకు తెలిసే ఉంటుంది. పోచంపల్లి చీరకి ఆసు పోయడానికి వాళ్లమ్మ రోజుకి వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పుతూ భుజం నొప్పితో బాధపడటం చూశారు. బడి మధ్యలో మానేసిన మనిషి, 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, సినిమా వచ్చింది. మనం సినిమా చూసి చప్పట్లు కొట్టాం. ఆ ఏడేళ్లలో ఆయన అమ్మ భుజాన్నే చూస్తూ ఉన్నారన్నది మాత్రం మన ప్రాజెక్టు రిపోర్టుల్లోకి రాలేదు.

కొలతల గురించి ఒక మాట. బ్యాగు సైజుకి మనిషి ఎత్తు కాదు, మొండెం పొడవు కావాలి. మెడ వంచితే వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి తుంటి అంచుల మట్టం దాకా టేపుతో కొలవాలి. విదేశీ సైజుల పట్టిక తెచ్చుకుని కడియంలో పెడితే కుదరదు. మనవాళ్ల ఒంటి కొలతలతో దేబ్‌కుమార్ చక్రవర్తి తయారుచేసిన పుస్తకాన్ని అహ్మదాబాద్ ఎన్ఐడీ 1997లో ప్రచురించింది. మీ లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అర్జీ పెట్టండి.

ఈ పని మీద మనసు పడితే దారులున్నాయి. బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ సీడ్ రాయొచ్చు. ఐఐటీ బాంబే నిర్వహించే ఈ పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది, ఎండెస్ సీట్లకి అదే దారి. వయసు పరిమితి లేదు, స్కోరు ఏడాది చెల్లుతుంది. బొమ్మ గీయడం రాదని భయపడేవాళ్లే ఎక్కువ. వాళ్లకి నేను చెప్పేది, రోజూ ఒక మనిషి బరువెత్తే భంగిమని పెన్నుతో గీయండి, నెలకి చేయి దారికొస్తుంది. నమూనా చేయాలంటే హైదరాబాద్‌లో 2023లో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. అంతదూరం ఎందుకంటే, 2025లో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలోనే పెట్టారు. వెళ్లేటప్పుడు పీపీటీ కన్నా విరిగిపోయిన మొదటి నమూనాని పట్టుకెళ్లండి. ఇంటర్వ్యూలోనూ అంతే. మొన్నామధ్య ఒక కంపెనీ నన్ను పనికి తీసుకునే ముందు అడిగింది స్పాంజి ఎందుకు తీసేశావనే. ఈసారి ఎవరి ముఖమూ చూడలేదు.

మూడో బెల్టు ప్రస్తుతం బాబాయ్ షెడ్డులో మేకుకి వేలాడుతోంది. పెద్దాయన పొద్దున రెండు డబ్బాలకి కట్టుకుంటున్నారు, ఎండెక్కాక విప్పేస్తున్నారు. ఉక్కపోతట. వీపుకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడాలంటే డబ్బా వెనక్కి జరగాలి, జరిగితే పైన వేసిన లెక్క మళ్లీ పెరుగుతుంది. దీనికి మీ దగ్గర ఏదైనా ఉపాయం ఉంటే, ఒక పొద్దున ఆరింటికి కడియం రండి.