గంగమ్మ పటం వెనుక కాగితం

కిందటి కార్తీకంలో మా వదినగారి బలవంతం మీద గోదావరిలో లాంచీ ఎక్కాను. ఏ రేవో చెప్పను. చెబితే ఆ ఒక్క రేవువాళ్ళే దోషులనుకుని మిగతా రేవులవాళ్ళు హాయిగా నిద్రపోతారు.

ఎక్కగానే ఆడవాళ్ళం ఎక్కడికి వెళ్ళినా చేసే పనే చేశాను. లెక్కపెట్టడం! పులిహోర డబ్బాలు నాలుగు, మంచినీళ్ళ సీసాలు ఆరు, మా పిల్లలు అయిదుగురు. మా లెక్క సరిపోయాక కళ్ళు ఊరుకోక మిగతా జనాన్ని కూడా లెక్కపెట్టాయి. అరవై రెండు. ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. అప్పుడొచ్చింది నాకు సందేహం. ఈ లాంచీలో అసలు ఎంతమంది ఎక్కవచ్చు?

"బాబూ, దీనికి పర్మిట్ ఉందా?" అని సరంగుని అడిగాను.

"ఉందండి అమ్మగారూ! లేకపోతే రేవులోంచి కదలనిస్తారేంటండీ?"

"ఏదీ, కనబడదేం?"

అతను తలెత్తి చూపించాడు. అక్కడ గంగమ్మ తల్లి పటం ఉంది. బంతిపూల దండ, కుంకుమ బొట్టు, వెలిగించిన అగరువత్తులు. "పటం వెనకాల ఉందండి. గాలికి ఎగిరిపోద్దని అక్కడ దోపామండి" అన్నాడు.

తీసి చూపించమన్నాను. పాపం, విసుక్కోకుండా తీశాడు. ప్లాస్టిక్ కవరు లోపలంతా చెమ్మ. అక్షరాలన్నీ ఇంగ్లీషు. సీలు పడ్డచోట ఊదారంగు మరక. తేదీ మీద నీళ్ళు పడి అలుక్కుపోయింది. ఎంతమందిని ఎక్కించవచ్చో రాసిన అంకె సరిగ్గా మడత మీద పడింది. మొదటిది అయిదో, ఆరో, ఎనిమిదో! రెండోదాన్ని మడత మింగేసింది.

"ఎంతమందికయ్యా ఇది?"

"అరవై మందికండి."

"అరవై ఎప్పుడో దాటిపోయారుగా!"

"పిల్లలు లెక్కలోకి రారండి" అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడుతున్నట్టు.

విన్నారా? పిల్లలు లెక్కలోకి రారు! సత్రం భోజనాల దగ్గర విస్తరి విషయంలో ఎవరైనా ఈ మాటంటే నవ్వుకుని ఊరుకోవచ్చు. నది మధ్యలో లాంచీ ఒరిగితే పిల్లవాడి బరువు నీళ్ళకు తెలియకుండా ఉంటుందా? అసలు ఆ క్షణంలో ఏ తల్లికైనా మొదట లెక్కలోకి వచ్చేది ఎవరు?

"అందరూ కూర్చోలేదూ? నీ ఒక్కదానికే వచ్చిందా భయం?" అన్నారు మావారు. వదిన మొహం చిన్నబుచ్చుకుంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేను దిగలేదు. నలుగురిలో నవ్వులపాలవుతానని దిగలేదు. క్షేమంగానే తిరిగొచ్చాం. పులిహోర బాగుందన్నారు అందరూ. కాగితం మళ్ళీ గంగమ్మ పటం వెనక్కి చేరిపోయింది.

ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఈ కాగితం ఎవరికోసం? అధికారి కోసమా, సరంగు కోసమా, ఎక్కిన మన కోసమా?

చట్టం ఏమంటుందో తిరగేసి చూస్తే ఆశ్చర్యం వేసింది. తెల్లదొరల కాలంలో, 1917లో, ఇన్‌లాండ్ స్టీమ్ వెసల్స్ యాక్ట్ అని ఒకటి చేశారు. నదుల్లో, కాలవల్లో ఇంజనుతో నడిచే పడవలకు అది వర్తించేది. పడవని సర్వే చేయించి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలట. దాని ప్రతిని పడవలో బాగా కనిపించేచోట, ఎక్కినవాళ్ళందరూ సులువుగా చదువుకునేటట్టు అంటించి ఉంచాలట. గమనించండి, ఎక్కినవాళ్ళందరూ! అధికారి ఒక్కడే కాదు. నూటనాలుగేళ్ళు గడిచాక, 2021లో, దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. సర్వే లేనిదే పడవ నడపరాదని అదీ అంటుంది. అంటే మన నదుల మీద శాసనాలకు కరువు లేదన్నమాట. కరువల్లా ఆ కాగితం మనకు కనబడడానికే.

ఎవరికి చదవడం వస్తుందని రాశారు ఆ కాగితం? మా వదిన స్కూల్ ఫైనలు ప్యాసయింది. ఆమెకే అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. వ్రతానికి వచ్చిన ముసలమ్మలకు, పొలం పనికి రేవు దాటే కూలీ ఆడవాళ్ళకు ఇంకేం అర్థమవుతుంది? ఇంగ్లీషులో రాసి, మడిచి, పటం వెనుక దోపి "ప్రదర్శించాం" అంటే అది ప్రదర్శన కాదు, దాపరికం.

"ఒక కాగితం ముక్కకు ఇంత గోలా? కాగితం తగిలిస్తే పడవ మునగదా?" అంటారు కొందరు. నిజమే, కాగితం పడవని తేల్చదు. కాని అది కనబడకపోతే ఏమవుతుందో చూశాం.

2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారంనాడు, కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడింది. ఇరవైమందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది కార్తీకమని ఒంగోలు నుంచి కలిసి వచ్చినవాళ్ళు. ఆ పడవకు పర్యాటకుల్ని ఎక్కించుకునే అనుమతే లేదని తరువాత ప్రభుత్వం చెప్పింది. తరువాత! ఎక్కేటప్పుడు ఆ సంగతి వాళ్ళకు తెలిసే దారేది? అనుమతి ఉన్న పడవా లేని పడవా పక్కపక్కనే ఆగితే, రెండింటికీ ఒకే రంగు, ఒకే గంగమ్మ పటం. "అనుమతి పొందిన పడవల మీద ఈ బోర్డు ఉంటుంది, అది లేనిదే ఎక్కకండి" అని ప్రతి రేవులోనూ రాసి ఉంటే, ఆ గుంపులో ఒక్కరైనా బోర్డేదీ అని అడిగి ఉండేవారు కాదూ?

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన లాంచీ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. గోదావరి వరద మీదున్న రోజులవి. దాన్ని ఎక్కువమంది ఎక్కడం మీదకే తోసెయ్యను, వరద సుడిలోకి పోనివ్వడమే పెద్ద తప్పు. నన్ను కలచివేసింది ఇంకొకటి. లోపల ఎంతమంది ఉన్నారన్న అంకె మొదటి రోజుల్లో పూటకోరకంగా మారింది. చివరికి 77 మంది అన్నారు, 26 మంది బయటపడ్డారన్నారు. లాంచీని నీళ్ళలోంచి లాగింది అక్టోబరు 22న. ఒడ్డున నిలబడి ఏడ్చేవాళ్ళకు తమవాళ్ళు ఏ లెక్కలో ఉన్నారో చెప్పేవాళ్ళు లేరు. ఎక్కించుకునేటప్పుడు లెక్క లేకపోతే మునిగాక లెక్క ఎక్కడినుంచి వస్తుంది?

ఇది మన ఒక్క రాష్ట్రపు జబ్బు కాదు. మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ 1924 జనవరిలో పల్లన దగ్గర నీటిపాలయ్యారు. ఆ పడవ మోయవలసినవాళ్ళకన్న ఎక్కువమందిని మోసిందంటారు. అంత గొప్ప కవిని పోగొట్టుకున్న ఆ కేరళలోనే, తొంభై తొమ్మిదేళ్ళ తరువాత, 2023 మే 7న తానూరు దగ్గర చేపల పడవను మార్చి చేసిన విహార పడవ మునిగి 22 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. లెక్కలోకి రారంటారే, ఆ పిల్లలు!

దాని తరువాత అక్కడి హైకోర్టు కలగజేసుకుంది. పడవ ఎంతమందిని మోయగలదో ఆ సంఖ్యను ఎక్కేవాళ్ళకు కనబడేటట్టు మలయాళంలోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టమంది. చూశారా, సొంత భాషలో! ఆ పని చేయడానికి మన రేవులకు కూడా 22 ప్రాణాలు బాకీ పడాలా?

సరంగుల కష్టం నాకు తెలియక కాదు. గాలి, వాన, ఎండ. అసలు కాగితం తడిసిపోతే నకలు కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. అందుకే పటం వెనుక దాస్తారు. దాన్ని నేను తప్పు పట్టను. అసలు కాగితాన్ని పెట్టెలో భద్రంగా దాచుకోమనండి. కాని లాంచీ పేరు రెండడుగుల అక్షరాలతో రాయించుకుంటారు కదా! యజమాని పేరు, సినిమా హీరో బొమ్మ, కోడిపుంజు బొమ్మ వేయించుకుంటారు కదా! ఆ పెయింటరు చేతే ఇంకొక వాక్యం రాయించలేరా? "ఈ పడవలో పిల్లలతో కలిపి ఇంతమందే. అనుమతి ఫలానా తేదీ వరకు." ఎక్కే బల్ల పక్కనే, తెలుగులో, వానకు కరగని రంగుతో. మడత పడదు, గాలికి పోదు.

రేషన్ షాపు ముందు స్టాకు బోర్డు వేలాడదీయమంటారు, ఎందుకు? బియ్యం ఉన్నాయో లేవో మనకు తెలియాలని. ఆర్టీసీ బస్సులో ఇన్ని సీట్లని రాస్తారు. లిఫ్టులో ఆరుగురని ఉంటే ఏడోమనిషి నవ్వుతూ దిగిపోతాడు. ఎవరూ అతన్ని పిరికివాడనరు. ఎందుకంటే అంకె అక్కడుంది, గొడవ అంకెతో తీరిపోతుంది. లాంచీలో అంకె లేదు గనుక దిగుతానన్న ఆడది పిరికిది, అడిగిన ఆడది గయ్యాళి.

అదే నా అసలు బాధ. అంకె కనబడకపోతే దాన్ని అడిగే భారం మనమీద పడుతుంది. అడిగితే సరదా పాడుచేసినవాళ్ళమవుతాం. గోడమీద అంకె ఉంటే నా తరఫున అదే మాట్లాడుతుంది. మావారితో నేను వాదించక్కర్లేదు, వదిన మొహం చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

అధికారులకు నేను చెప్పేదొకటే. పర్మిట్ ఇచ్చేటప్పుడు కాగితం చేతిలో పెట్టి పంపకండి. తెలుగులో అంకె రాయించారా, పిల్లల్ని కలిపి రాశారా అని చూసి మరీ సంతకం పెట్టండి.

ఇక మనకు. వచ్చే కార్తీకానికి ఉసిరి కొమ్మ, దీపాలు, పులిహోర అన్నీ సర్దుకుంటాం. ఇంట్లో దేన్నైనా లెక్కపెట్టనిదే ఊరుకోని మనం, లాంచీలో మనుషుల్ని కూడా లెక్కపెడదాం. అంకె అడుగుదాం. కనబడకపోతే, ఎక్కువైతే, దిగుదాం. ఒక్కరు దిగితే నవ్వుతారు, పదిమంది దిగితే లాంచీ ఆగుతుంది.

గంగమ్మ తల్లికి దండ వేయండి, దణ్ణం పెట్టండి. ఆవిడ పటం వెనుక మాత్రం ఏదీ దాచకండి.