బయలులో లేని కులం గద్దె దగ్గర ఎట్లా వచ్చింది? (ఏడో భాగం)



పోయిన భాగంలో నాయిన డప్పు గురించి రాశాను. ఈసారి నాయిన పోయాక నేను తిరిగిన దారి గురించి రాస్తున్నాను. ఉద్యమంలో నవ్వుతారన్న భయంతో ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. మొన్న ఒక సభ అయిపోయాక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నేను రోజూ పొద్దున ధ్యానంలో కూర్చుంటున్న. అంబేడ్కర్‌వాదికి ఇదేం పిచ్చి అని రూమ్మేట్లు నవ్వుతున్నరు. తప్పా?" అని అడిగాడు. నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. ఊళ్లో ఎవరు చచ్చినా పాడె ముందు నడిచి డప్పు కొట్టిన మనిషి మా నాయిన. ఆయన పోయిన రాత్రి నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఇంతమందిని సాగనంపిన మనిషి తను ఎటు పోయినట్టు? గుడి గడప మాకు లేదు. చిన్నమ్మ వెంట చర్చికి పోతే, బాప్తిస్మం తీసుకోని నాయిన గురించి అక్కడ చెప్పిన మాట వినలేక బయటికి వచ్చాను. విద్యార్థి సంఘంలో అడిగితే "అది భావవాదం" అని ఒక పుస్తకం చేతిలో పెట్టారు. పుస్తకం మంచిదే. నా దుఃఖం గురించి మాత్రం అందులో ఏమీ లేదు.

పక్క ఊరి శివారులో ఒక మగ్గం ఇల్లు ఉండేది. పౌర్ణమి రాత్రుళ్లు అక్కడ కొందరు కూర్చునేవారు. వాళ్లను అచలపోళ్లు అనేవారు. గుడి లేదు, విగ్రహం లేదు, ముహూర్తాలు లేవు, తద్దినాలు లేవు. శివరామ దీక్షితులు మొదలుకొని గురుపరంపర చెప్పుకుంటారు. మనిషి చచ్చిపోతే కాల్చరు, కూర్చోబెట్టి పూడుస్తారు. "నేను" అనే ఎరుక వల్లనే ఈ ప్రపంచమంతా ఉన్నట్టు కనబడుతుందనీ, అసలున్నది కదలిక లేని బయలేననీ వాళ్ల బోధ. స్వర్గం లేదు, మళ్లీ పుట్టుక లేదు. పోయిన జన్మే లేనప్పుడు, ఆ జన్మ పాపం వల్ల మాదిగ ఇంట్లో పుట్టావన్న మాట కూడా కూలిపోతుంది. అది విన్న రాత్రి నేను ఇంటికి నడిచొస్తుంటే వీపు మీది మూట ఎవరో దించినట్టు అనిపించింది.

అక్కడ ఒక సాలె గురువు, ఒక గౌడ్, ఒక మంగలి, ఒక దర్జీ, మా వాడకట్టు నుంచి ఒక తాత, చివర నేను. అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. తంబూర అందరి చేతులూ తిరిగేది. తెల్లారుజామున ఒకే గిన్నెలోంచి ఉప్మా తినేవాళ్లం. కళ్లతో చూశాను కాబట్టి చెప్తున్నాను, అది నటన కాదు. మా తాతకు అక్షరం రాదు కానీ వందల తత్వాలు నోటికొచ్చు. ఏ తత్వంలో ఏ మాట దేనికి గుర్తో గురువు కూడా ఆయన్నే అడిగేవాడు.

ఒకనాటి రాత్రి అక్కడ కక్కయ్య కథ చెప్పారు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్య మాదిగవాడు. దేహంలోనే దేవతలు ఉన్నారని బ్రహ్మం బోధిస్తుంటే విన్నాడట. ఇంటికి పోయి, నిద్రపోతున్న పెళ్లాన్ని కోసి చూశాడట. ఏ దేవతా కనబడక, ఈ గురువు అబద్ధాలకోరని లొల్లి పెట్టాడట. బ్రహ్మం వచ్చి ఆమెను బతికించాడట, కక్కయ్య శిష్యుడయ్యాడట. మనవాడి జ్ఞానదాహం ఎంత గొప్పదో అని నేను ఉప్పొంగిపోయి పొద్దున అవ్వకు చెప్పాను. అవ్వ పత్తి ఏరడానికి పోతూ కొంగు నడుముకు చుట్టుకుంటున్నది. "బతికి లేచినంక గామె ఏమన్నది?" అని అడిగింది. నాకు తెలియదు. నాకు చెప్పినవాళ్లూ చెప్పలేదు. ఆ రోజుల్లో నా బస్సు పాసు, నా బియ్యం, నా రాత్రుళ్ల సత్యాన్వేషణ అన్నీ అవ్వ కూలి మీదనే నడిచాయి. మగ్గం ఇంట్లో ఉప్మా వండిన ఆడవాళ్లు ఏనాడూ మా చాప మీద కూర్చోలేదన్న సంగతి కూడా ఆ పొద్దునే నాకు తట్టింది.

మూడో ఏడు గురువు పోయాడు. కూర్చోబెట్టి సమాధి చేశాం. పదకొండో రోజు, గద్దె మీద ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. తెలిసినవాడు ఎవరో అందరికీ తెలుసు. అందరూ తాత వైపు చూశారు, తర్వాత నేల వైపు చూశారు. చివరికి ఒకాయన నోరు విప్పాడు. "మనకేం పట్టింపు లేదు. కానీ ఊరు ఒప్పుకోదు. రేపు ఎవరు కాళ్లు మొక్కుతరు?" గద్దె గురువు కొడుక్కి పోయింది. ఆ పిల్లవాడు మూడేళ్లలో నాలుగు పౌర్ణములు కూడా రాలేదు.

తాత నవ్వాడు. "గద్దె దొరికితే బయలు పెరుగుతదా బిడ్డా?" అని తంబూర అందుకున్నాడు. ఆ నవ్వును నేను చాలా ఏళ్లు జ్ఞానం అనుకున్నాను.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ మనుషులు మోసగాళ్లు కారు. వాళ్ల బోధలోనే ఒక సందు ఉంది. కులం ఎరుక కల్పించిన భ్రమ అయితే, దానితో కొట్లాడే పని ఉండదు. లేనిదానితో ఎవరు కొట్లాడతారు? రాత్రి చాప మీద కులం లేదు, పొద్దున ఊళ్లో ఉంది. ఈ రెంటి మధ్య ఉన్న కిలోమీటరు దూరాన్ని మార్చే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. కులం లేదని ధ్యానంలో తెలుసుకోవడం ఒక పని, ఊళ్లో లేకుండా చేయడం ఇంకో పని. రెండోది చేయకుండా ఉండటానికి మొదటిది సాకు అయింది.

అట్లా అని సత్యం వెతకడం మన పని కాదనేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. బాబాసాహెబ్ తండ్రి రాంజీ కబీర్ పంథీ. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకాన్ని బాబాసాహెబ్ నందనార్, రవిదాస్, చోఖామేళాల స్మృతికి అంకితం చేశాడు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1913లోనే బుద్ధ జయంతి జరిపాడు. 1935లో యేవలాలో హిందువుగా చావనని చెప్పిన బాబాసాహెబ్, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. మధ్యలో 21 ఏళ్లు. అంతకాలం వెతికిన మనిషిని భావవాది అందామా?

'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఒక సంగతి గమనించండి. ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథను బాబాసాహెబ్ నమ్మలేదు. 29 ఏళ్ల మనిషి అంతకుముందు శవాన్నే చూడలేదా అని ఆయన సందేహం. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులు, కోలియులు తగువుపడ్డారు. శాక్య సంఘం యుద్ధం అన్నది. సిద్ధార్థుడు నిండు సభలో లేచి వద్దన్నాడు, ఓడిపోయాడు, దానికి ప్రవాసం పోయాడు. ఆ పుస్తకంలో ఒక యువకుడి అన్వేషణ నీళ్ల తగాదాతో మొదలవుతుంది. 1927లో మహాడ్ చెరువు నీళ్లు దోసిట పట్టిన మనిషి ఆ కథను ఇట్లా చెప్పడం వింత కాదు.

తమ్ముడూ, నీ ధ్యానం తప్పు కాదు, కూర్చో. కానీ ఏ గుంపులో కూర్చున్నా కొన్ని సంగతులు చూసుకో. అక్కడ అంట్లు ఎవరు తోముతున్నారు? ఆడవాళ్లు ఎక్కడ కూర్చున్నారు? గద్దె ఖాళీ అయిననాడు మనవాడి పేరు వస్తుందా? వీటిని అడిగితే నీకింకా అహం పోలేదంటారేమో. అట్లా అంటే చాప మడిచి లేచిరా.

చివరిగా నా తప్పు కూడా రాయాలి. నాలుగేళ్ల తర్వాత తాత మంచాన పడ్డాడు. చూడటానికి పోయాను. చాలాసేపు కళ్లు మూసుకొని పడుకున్నాడు, నిద్రపోయాడనుకున్నాను. కళ్లు తెరవకుండానే అడిగాడు. "ఆ పొద్దు నువ్వన్న ఎందుకు మాట్లాడలే బిడ్డా? సదువుకున్నోనివి."

గద్దె ముందు తాత నవ్విన నవ్వు ఏమిటో అప్పుడు అర్థమైంది. నా దగ్గర జవాబు లేదు. ఆయన పాదాల దగ్గర కూర్చొని, ఆయన నేర్పిన తత్వం ఒకటి పాడి వచ్చాను. నెల తిరగకముందే తాత పోయాడు. మా వాడకట్టు చెలక గట్టున కూర్చోబెట్టి పూడ్చాం. మగ్గం ఇంటి నుంచి మంగలి ఒక్కడే వచ్చాడు, తంబూర తెచ్చి నా చేతికిచ్చాడు.

ఆ తంబూర నాతోనే ఉంది. సభల్లో దాన్ని ఎందుకు మోస్తానో వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.