ముద్ర వేసిన కవరు



గత మాసమున మాకు వచ్చిన జాబులలో ఒకటి కోనసీమనుండి వచ్చినది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది గనుక ప్రకటింపము. 2022వ సంవత్సరము మే నెలలో తమ ప్రాంతమున అంతర్జాలము నిలిపివేసినపుడు తాము పడిన యిక్కట్లు నేటికిని మఱవలేదనియు, అట్టిది మఱల వచ్చిన నేమి చేయవలెననియు ఆమె యడిగినది. జాబు చివర మఱియొక ప్రశ్న కలదు: "మా ఫోనులలోని మాటలను సర్కారువారు చదువుదురని మా తోడికోడలు భయపడుచున్నది. నిజమేనా?"

ఇందు మొదటిది తలుపు మూయుటను గూర్చిన మాట. రెండవది తలుపు సందునుండి చూచుటను గూర్చినది. జనులు రెంటిని కలిపి మాటలాడుదురు గాని వీనికి మందులు వేఱు.

ఆ మే నెల 24వ తేదీన, జిల్లాకు డాక్టరు అంబేద్కరుగారి పేరు చేర్చుటను వ్యతిరేకించుచు అమలాపురమున జరిగిన అల్లరులలో ఇండ్లు తగులబడినవి. వదంతులు వ్యాపింపకుండుటకై ప్రభుత్వమువారు మొబైలు అంతర్జాలమును నిలిపిరి. పది దినములకు పైగా పలుచోట్ల అది రాలేదు. నిప్పు పెట్టినవారు నిజముగా నుండిరి. కావున ఊరక చేసిన పని యని మే మనము. అయినను వంటింటినుండి చూచిన దాని రూపు వేఱుగా నుండును. మాకు వ్రాసిన సోదరి ఆడుబిడ్డ కువైటులో ఒక యింట పనిచేయుచున్నది. కోనసీమనుండి అట్లు గల్ఫు దేశములకు పోయిన స్త్రీలు ఎందఱో కలరు. ఆమె కుమారునికి అప్పటికి ఆఱేండ్లు. రాత్రి భోజనమైన పిమ్మట వాట్సాపులో తల్లి ముఖము చూచి గాని వాడు నిద్రపోడు. "మూడవ రాత్రి వాడు ఏడ్చుట మానినాడు. మాకు దానికే ఎక్కువ భయము వేసినది" అని యామె వ్రాసినది. అచ్చట తల్లికి సంగతి తెలియలేదు. ఊరు తగులబడుచున్నదని ఎవరో చెప్పిన మాట మాత్రమే ఆమె చెవిని పడినది.

అట్టి సమయమున సాధారణముగా నిలుచునది అంతర్జాలమే. మామూలు ఫోను పిలుపులు, ఎస్సెమ్మెస్సులు పెక్కుచోట్ల పనిచేయుచునే యుండును. పరదేశమున నున్నవారితో ముందుగానే ఒక మాట అనుకొనవలెను: వాట్సాపు రెండు దినములు మూగవోయిన, ఫలానా గంటకు వారే మామూలు పిలుపు చేయవలెను. వారికి ఖర్చగును గాని, మన దేశముననే యున్నప్పుడు వచ్చిన పిలుపు నెత్తుటకు మనకు ఖర్చు లేదు. ముఖ్యమైన నంబర్లను కాగితముమీద వ్రాసి బీరువా తలుపు లోపలివైపున అంటింపుడు. ఫోనులోనే యున్న నంబరు ఫోను పోయిననాడు లేనట్టే. డబ్బు సంగతికి వచ్చిన, అంతర్జాలము లేకయే *99# అను సంఖ్య నొత్తి బ్యాంకు నిలువ చూచుకొనవచ్చును, కొంత సొమ్ము పంపవచ్చును. అయితే ఇది ముందుగా ఒకసారి చేసి చూచినవారికే అక్కఱకు వచ్చును. వారము దినముల పాలకు, మందులకు సరిపడు నోట్లు బియ్యపు డబ్బా వెనుక నుంచుకొను మన అత్తల యలవాటును చూచి నవ్వినవారిలో మేమును ఒకరము. ఇపుడు నవ్వము.

నిలుపుదల ఎవరి యిష్టము వచ్చినట్లు వారు చేయునది కాదని కూడ తెలిసియుండుట మంచిది. రాష్ట్రములో హోము శాఖ కార్యదర్శి స్థాయి అధికారి వ్రాతమూలకముగా ఉత్తర్వు నీయవలెను. 2020లో నియమములు సవరించినప్పటినుండి ఒక ఉత్తర్వు పదునైదు దినములకు మించి చెల్లదు. ఆ ఉత్తర్వును ప్రజలకు వెల్లడింపవలెననియు, మితి లేకుండ నిలుపరాదనియు 2020 జనవరి 10వ తేదీన సుప్రీంకోర్టువారు చెప్పిరి. ఆ వ్యాజ్యము వేసినది ఒక స్త్రీ, కాశ్మీర్ టైమ్స్ పత్రిక సంపాదకురాలు అనూరాధా భసీన్. ఆమె సీమలో 2019 ఆగస్టున నిలిచిన 4జీ వేగము 2021 ఫిబ్రవరికి గాని మఱల రాలేదు. తీర్పు గెలిచినంతనే దీపము వెలుగదని మనకు దీనివలన తెలియుచున్నది. అంతకు ముందు 2015లో, అంతర్జాలమున వ్రాసిన వ్రాతలకు జనులను అరెస్టు చేయుటకు వాడుచుండిన 66ఏ అను సెక్షనును కొట్టివేయించిన శ్రేయా సింఘాల్ గారును స్త్రీయే, నాడు న్యాయశాస్త్ర విద్యార్థిని. మహారాష్ట్రమున పాల్ఘరులో ఫేసుబుక్కు వ్రాత యొకదాని కొఱకు ఇద్దఱు యువతులను పట్టుకొనుట చూచి ఆమె కోర్టు కెక్కినది. అయితే అదే తీర్పులో, వెబ్‌సైట్లను ఆపు 69ఏ సెక్షనును మాత్రము కోర్టువారు నిలిపియుంచిరి. ఆ సెక్షను క్రింది ఉత్తర్వులు రహస్యముగా నుంచవలెనని 2009 నాటి నియమము. కావుననే ఒకనాడు చదివిన పుట మఱునాడు తెల్లబోయి కనబడును, ఎందుకో చెప్పువారుండరు. ఈ రహస్యము మాకు నచ్చదు. ఆపవలసినది ఆపుదురు గాక, కారణము చెప్పిన వచ్చు నష్ట మేమి?

ఇక తోడికోడలి భయము. ఉత్తరమును దారిలో తెఱచు అధికారము సర్కారునకు 1898 నాటి తపాలా చట్టముననే యుండెను. 2023 నాటి క్రొత్త చట్టముననును ఉన్నది. ఫోనులకును అట్టి చట్టములే కలవు. అయినను వాట్సాపు, సిగ్నల్ వంటివానిలో మాట పంపినవారి ఫోనులో ముద్రపడి, అందుకొన్నవారి ఫోనులోనే విడును. దారిలో పట్టుకొన్నవారికి అక్షరము తెలియదు. కాని కవరుమీది చిరునామా వంటిది మిగులును: ఎవరు ఎవరికి, ఏ వేళ, ఎన్నిమాఱులు వ్రాసిరో వాట్సాపువారికి తెలియగలదు. మఱియొక సందు కూడ ఉన్నది. పాత మాటలను గూగులు వంటివారి కొట్టులో దాచు ఏర్పాటు నొకదానిని మనమే పెట్టుకొందుము. ఆ దాచిన ప్రతికి వేఱుగా ముద్ర వేయవలెను. 2021 నుండి వాట్సాపులో దాని కొక మీట కలదు. సెట్టింగులలో చాట్ బ్యాకప్ అనుచోట చూడుడు. టూ స్టెప్ వెరిఫికేషను అను ఆఱంకెల గుఱుతు కూడ సెట్టింగులలోనే పెట్టుకొనుడు.

వీపీఎన్ అను సొరంగపు దారిని గూర్చి కొందఱు గొప్పగా చెప్పుదురు. మీ రేయే వెబ్‌సైట్లు చూచుచున్నారో అది ఫోను కంపెనీకి కనబడకుండ చేయును, నిజమే. కాని ఆ సొరంగము త్రవ్వినవానికి అది కనబడును. వెల లేక యిచ్చువారిని మేము నమ్మము. తమ ఖాతాదారుల పేర్లు, చిరునామాలు అయిదేండ్లు దాచవలెనని 2022 ఏప్రిలులో మన ప్రభుత్వమువారు వీపీఎన్ కంపెనీల కాజ్ఞాపించిరి. కొన్ని విదేశ కంపెనీలు తమ యంత్రములను ఇచ్చటనుండి తీసికొనిపోయినవి. అంతర్జాలమే నిలిచినపుడు సొరంగమును నిలుచును.

ఇంతవఱకు వ్రాసి మేము తృప్తితో కలము మూసితిమి. ఆ వారముననే జరిగిన యొక సంగతిని దాచుట న్యాయము కాదు.

మా పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతి. ఆమె స్నానమునకు పోయినపుడు బల్లమీది ఫోను మ్రోగినది. గుఱుతు సంఖ్య మాకు తెలియును. చదివితిమి, పై మాటలను కూడ చదివితిమి. తన స్నేహితురాలు, తండ్రి పని పోయినదనియు, ఇంట అప్పులవారు వచ్చుచున్నారనియు వ్రాసినది. మాకు జాలి కలిగినది. మూడు దినముల పిమ్మట ఆ బాలిక మా యింటికి రాగా, కాఫీ యిచ్చుచు "మీ నాన్నగారికి మఱల పని దొరికినదా, తల్లీ?" అని యడిగితిమి. ఆమె మా ముఖము చూడలేదు. మా అమ్మాయి ముఖము చూచినది. కాఫీ త్రాగకయే లేచిపోయినది.

ఆ రాత్రి మా అమ్మాయి కోపపడలేదు. "అది నాది కాదమ్మా, దానిది" అని మాత్రము చెప్పినది.

మా వారు వినుచుండిరి. 2017లో పుట్టస్వామిగారి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా, ఏకాంతము ప్రాథమిక హక్కనిరి గదా. సర్కారు అందు చేయి పెట్టవలెనన్న చట్టముండవలెను, తగిన ప్రయోజన ముండవలెను, కావలసినంతకు మించరాదని కొలతలును పెట్టిరి గదా యని మాకు జ్ఞాపకము చేసిరి. ఈ పుటలో సర్కారును కారణ మడిగిన మేము మా బిడ్డకు ఏ కారణము చెప్పితిమి? పిల్లలను కనిపెట్టుట తల్లి పని యని వాదింపబోయితిమి. వాదము మాకే సరిగా వినబడలేదు.

ఇపుడు మా యింట నొక యేర్పాటు జరిగినది. అమ్మాయి తన గుఱుతు సంఖ్యను కాగితముమీద వ్రాసి, కవరులో పెట్టి, లక్కతో ముద్ర వేసి బీరువాలో నుంచినది. ఆపద యని తోచిన తెఱువవచ్చును. తెఱచిన వెంటనే ఆమెకు చెప్పవలెను. ముద్ర ఇంకను విడలేదు. ఆ బాలిక మాత్రము మా యింటికి మఱల రాలేదు.