గుర్తు తెలియని వాహనం, గుర్తింపు లేని కూలి

'గుర్తు తెలియని వాహనం ఢీకొని కార్మికురాలికి తీవ్ర గాయాలు.' పేపర్లో ఓ మూలన ఇలాంటి వార్త చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అక్కడ గుర్తు తెలియనిది వాహనం ఒక్కటే కాదు, ఆమె కూడా.

ఉప్పల్ మీదుగా వరంగల్ హైవే పోతోంది. ఇటు చూస్తే నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల లారీలు. ఈ రోడ్ల మీద తెల్లవారకముందే చీపురు పట్టేవాళ్ళలో, కంకర తట్టలు మోసేవాళ్ళలో ఎంతోమంది స్త్రీలు. ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగింది. 2023 జూన్‌లో ఉప్పల్ చౌరస్తాలో పాదచారుల కోసం స్కైవాక్ తెరిచారు. సంతోషమే. రోడ్డు దాటేవారికి దారి దొరికింది. రోడ్డే పనిస్థలమైన వారి సంగతేమిటి?

ఇది తలరాత కాదు. పని జరిగేచోట వాహనాలను ఎలా మళ్ళించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో రాసిపెట్టింది, 2014లో సవరించింది కూడా. ముందుగా హెచ్చరిక బోర్డులు, బారికేడ్లు, మెరిసే జాకెట్లు, జెండా పట్టుకున్న మనిషి అన్నీ అందులో ఉన్నాయి. మనకు తరచు కనిపించేది మాత్రం నాలుగు రాళ్ళు, ఒక చెట్టుకొమ్మ.

ఢీకొట్టిన వాహనం దొరక్కపోయినా, 2022 ఏప్రిల్ నుంచి అమలైన కేంద్ర పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు రావాలి. ఈ సంగతి ఆ స్త్రీలలో ఎంతమందికి తెలుసు? యజమాని ఇవ్వాల్సిన పరిహారం వేరే. దానికి ఆమె అక్కడ పనిచేసినట్టు రుజువు కావాలి. మేస్త్రీ ఆలుమగలను జంటగా పనికి తెచ్చినచోట మస్టరులో భర్త పేరే ఉంటుంది. తట్ట మోసినన్నాళ్ళూ కూలి అయిన మనిషి, కాలు విరిగాక కూలి కాకుండా పోతుంది! నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినంత మాత్రాన మస్టరులో ఆమె పేరు ఎక్కదు.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. ప్రతి కూలి స్త్రీ పేరూ విడిగా మస్టరులో రాయాలి, కూలి ఆమె చేతికే ఇవ్వాలి. బారికేడ్లు, జాకెట్లు లేనిచోట పని ఆపించాలి. ప్రమాదం జరిగితే కాంట్రాక్టరుతో పాటు పని అప్పజెప్పిన ప్రభుత్వ శాఖా జవాబు చెప్పాలి. మన బస్తీ సంఘాలు ఎఫ్.ఐ.ఆర్. దగ్గర్నుంచి పరిహారం దరఖాస్తు దాకా ఆమె వెంట నిలబడాలి.

నున్నటి రోడ్డు మనందరికీ కావాలి. అది ఎవరి ఎముకల మీదుగా పడుతోందో అడగాల్సిన బాధ్యత కూడా మనందరిదీ.